ఎదురుపార్టీని వెంటబెట్టుకొచ్చిన అప్పీలప్ప

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ రోజుల్లో, ఆదోని కోర్టు మెట్లెక్కుతుంటే జనమంతా నన్నే చూస్తున్నారని నాకు గట్టి నమ్మకం. (చూసింది నన్ను కాదు, కోటును. అది మా సీనియరుగారి పాతది, చేతులు వేళ్ల దాకా వేలాడేవి.) సొంతంగా వాదించిన కేసు ఒక్కటీ లేదు. వాయిదాలు అడగడం, సీనియరుగారికి టిఫినుకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెచ్చిపెట్టడం, ఇదే నా వకాల్తా. అలాంటి నా మెడకు ఆయన ఒకరోజు అప్పీలప్పను చుట్టారు.

అప్పీలప్పది ఎమ్మిగనూరు. ఇంట్లో గుంటమగ్గం, చంకలో కాగితాల సంచి. తెల్లారకముందే కూసే కోడి యజమాని మీద, చిరిగిన టికెట్టిచ్చిన కండక్టరు మీద, తన వాకిట్లో ఎండ పడకుండా గోడ లేపిన సొంత మేనమామ మీద కేసులు వేసి, అన్నీ ఓడి, ఓడిన ప్రతిదాని మీదా అప్పీలుకు పోయిన మహానుభావుడు. చివరికి హైకోర్టుకే విసుగొచ్చి, ఇకమీదట ఈయన ఏ దావా వేయాలన్నా, ఏ అప్పీలు చేయాలన్నా ముందు జడ్జిగారి అనుమతి తెచ్చుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. ఇంకొకరైతే సిగ్గుతో దాచుకునేవారు. ఈయన దానికి లామినేషన్ చేయించి, బస్సులో పక్క సీటు వాళ్లకు కూడా చూపించేవాడు. "ఇట్లాంటి ఆర్డరు మన పక్క ఇంకెవనికన్నా ఉందా, సెప్పప్పా?"

చిక్కేమిటంటే, ఈసారి ఆయన చెప్పేది నిజం. ఎదురింటి దర్జీ కొత్తగా అరుగు కట్టించాడు. దాంతో కాలువ మూసుకుపోయి, వానొస్తే నీళ్లన్నీ నేరుగా మగ్గం గుంటలోకే వచ్చేవి. నేసే మనిషి కాళ్లు పెట్టుకు కూర్చునే గుంట అది. అది నిండితే నేత ఆగుతుంది, నేత ఆగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అనుమతి తెచ్చుకుని వేసిన కేసును ఎమ్మిగనూరు కోర్టు కొట్టేసింది. ఆదోనిలో అప్పీలుకు అనుమతి రాకపోతే ఇక మగ్గం ఎత్తేయడమే. "ఇన్నేండ్లు ఉత్తిపుణ్యానికి కోర్టుకెక్కినోడు ఈపొద్దు నిజం సెప్తే ఎవరు నమ్ముతారప్పా? నువ్వే నమ్మించల్ల," అని సీనియరుగారు చల్లగా తప్పుకున్నారు.

వాయిదాకు ముందురోజు నేను అప్పీలప్పకు బాగా నూరిపోశాను. "తాతా, రేపు నువ్వు నోరు తెరవొద్దు. సంచి తేవొద్దు. ఇది అనుమతి అడగడం మాత్రమే. ఎదురుపార్టీకి ఇంకా నోటీసు పోలేదు, ఆయన రాడు."

ఆయన మొహం వాడిపోయింది. "రాడా? మరి ఎవరితో కొట్లాడేది?"

మరునాడు సంచి లేకుండానే వచ్చాడు. హమ్మయ్య అనుకునేలోగా వెనకాల మెడలో టేపు వేసుకున్న బక్కమనిషి కనబడ్డాడు. దర్జీ! ఇద్దరూ బజ్జీ నూనె చేతులు ఒకే కాగితానికి తుడుచుకుంటున్నారు.

"నేనే పిలుసుకొని వచ్చినా," అన్నాడు అప్పీలప్ప. "ఎమ్మిగనూరు కోర్టులో ప్రతి వాయిదాకూ ఇద్దరమూ కల్సే పోతాంటిమి. ఈపొద్దు నేనొక్కడే వస్తే ఏం బాగుంటాదప్పా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ దర్జీ లేచి వద్దంటే ఈయన మగ్గం సంగతేమిటి, నా మొదటి కేసు సంగతేమిటి? (నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు రెండోదే ముందు గుర్తొచ్చింది.)

జడ్జిగారు కళ్లద్దాల మీంచి చూశారు. "ఆయనెవరు?" రాత్రంతా బట్టీపట్టిన సెక్షన్ల కోసం నేను ఫైలు తిరగేస్తున్నాను. అప్పీలప్ప చేతులు కట్టుకుని, "నా ఎదురుపార్టీ సార్," అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. జడ్జిగారు నవ్వాపుకుని దర్జీని అడిగారు. "వచ్చారు గనక చెప్పండి. ఈయనకు అనుమతి ఇవ్వొద్దంటారా?"

"ఇయ్యండి సార్. కోర్టు లేకుంటే ఈయప్ప ఇంటికాడ నా ప్రాణం తింటాడు." దర్జీ తల గోక్కున్నాడు. "ఇంగొకటి సార్... నీళ్లు పోయేది నిజమే. అరుగు నేనే రవ్వంత ముందుకు లాగినా."

జడ్జిగారు అక్కడికక్కడే రాయించారు. ఈయన గతంలో కోర్టులను విసిగించిన మాట వాస్తవమే అయినా, ఈ అప్పీలులో వినదగ్గ విషయం ఉంది, అనుమతి ఇవ్వడమైనది. నేను ఒక్క ముక్క మాట్లాడకుండానే గెలిచి, ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను. అప్పీలప్ప మాత్రం మూతి ముడుచుకున్నాడు.

"విసిగించినానని రాపిచ్చినాడు సూడు! దీని మీద అప్పీలుకు పోవల్లంటే మళ్లా పర్మిషన్ అడగల్నా?"

"ముందు బస్సెక్కన్నా," అని దర్జీ ఆయన్ను చెయ్యిపట్టి లాక్కెళ్లాడు.

బస్సులో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. వారం తిరక్కుండా దర్జీ అరుగు కొట్టించేశాడు. మగ్గం మళ్లీ ఆడింది. అప్పీలు వేయనే లేదు.

ఇప్పుడు నా కోటు నా కొలతలకే కుట్టించుకున్నది. ఈమధ్య పక్కింటాయన రోజూ బండి మా గేటుకు అడ్డంగా పెడుతున్నాడు. మూడుసార్లు నోటీసు రాశాను, ఘాటుగానే రాశాను. మూడుసార్లూ పైన ఆయన పేరు రాయాల్సిన చోట ఆగిపోయాను. ఆరేళ్లుగా పక్కపక్కనే ఉంటున్నాం, ఆయన పేరేమిటో నాకు తెలియదు. రేపు పొద్దున ఉగ్గాని బజ్జీ పొట్లం పట్టుకుపోయి అడగాలి.