ఇంగ్లీషు నవలల గుర్రం

ఒక పుస్తకం మీద నా అభిప్రాయం చెప్పి ముప్పై మంది పిలగాండ్లను, ఇద్దరు సార్లను, సర్కారు పంపిన ఒక ఇన్‌స్పెక్టర్‌ను ఒక్క దెబ్బకు బురదల దించిన మనిషిని నేను. గొప్పకు చెప్తలేను. ఇప్పుడు ఎవరన్న "ఫలానా పుస్తకం ఎట్లున్నది తాతా?" అని అడిగితే, నేను ముందుగాల గ్లాసెడు నీళ్లు తాగి, ఇంటి కప్పు దిక్కు ఎందుకు చూస్తనో మీకు తెల్వాలె గదా, అందుకని రాస్తున్న.

నాకు మీసాలు ముందు వచ్చినయి, ఓనమాలు వెనుక వచ్చినయి. మా ఇల్లు ఉప్పుగూడల. పని ఉస్మాన్‌గంజ్‌ల ఒక సేటు గింజల దుకాణంల. పద్దెనిమిదేండ్లకు పలక పట్టిన. ఇరవై మూడేండ్లకు ఎగురుకుంట దుంకుకుంట పదో తరగతిల పడ్డ. నా పక్కన కూసునే గోపాల్‌కు పద్నాలుగేండ్లు. వాడు నన్ను "మల్లన్నా" అనేటోడు. కొత్తగ చేరిన పిలగాండ్లు నన్ను చూసి లేచి "నమస్తే సార్" అనేటోళ్లు. అబద్ధమెందుకు, ఒకటి రెండు సార్లు నేను కూడ "కూసోండ్రి" అన్న.

గిట్ల వయసు మీరినోడు మెట్రిక్ పరీక్షకు కూసోవాలంటే కాగితం మీద ఇన్‌స్పెక్టర్ సాబ్ దస్తఖత్, అదే సంతకం, కావాలె. అది లేకుంటే పొద్దుగాల బడి, పగటి నుంచి దుకాణం చేసుకుంట ఐదేండ్లు పడ్డ పాటు అంత మూసీల కలిసినట్టే. ఒకనాడు హెడ్మాస్టర్ సారు నన్ను గదికి పిలిచిండు.

"మల్లయ్యా, సోమవారం ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తున్నరు. నీ కాగితం ఆయన ముంగట పెడత. నువ్వు ఒక్క పని చెయ్యాలె."

"చెప్పుండ్రి సార్."

"ఏం చెయ్యకు. నోరు తెరవకు. నీ నోరు నాకు ఎరుకే."

నా నోరు సారుకే కాదు, ఉస్మాన్‌గంజ్ అంతటికీ ఎరుకే. సేటు పుచ్చు పప్పు పెట్టి "ఎట్లున్నది మల్లయ్యా?" అంటే, కొనేటోడు పక్కన నిలబడి ఉన్నా "పుచ్చింది సేటూ" అనేటోన్ని.

ఇగ ఆ పుస్తకం. ఆ ఏడు మాకు ఇంగ్లీషుల ఒక నవల పెట్టిన్రు. గడియారాలు బాగుచేసే ఒక ముసలి దొర, ఆయన బిడ్డ, ఇల్లు విడిచి పోయిన కొడుకు. దాని మీద మా తరగతి పిలగాండ్ల అసలు అభిప్రాయాలు మస్తుగుండె. "దిండు కింద పెట్టుకుంటే చాలు అన్నా, చదవకున్న నిద్ర వస్తది" అనేటోడు గోపాల్. ఇంకొకడు దానితోని కిటికీ తలుపు కొట్టుకోకుండ ఆపేటోడు. మా ఇంగ్లీషు సారుకు మాత్రం వాళ్ల అభిప్రాయాలతోని పని లేదు. ఆయనే ఒక అభిప్రాయం తయారు చేసి అందరితోని రాయించిండు: "ఇది మిక్కిలి మంచి పుస్తకము. ఇందులో నీతి గలదు. మనము దానిని పాటించవలెను." ఇంగ్లీషుల మూడు వాక్యాలు. ఇన్‌స్పెక్టర్ ఎవరిని లేపినా ఇదే అప్పజెప్పాలె.

నాకేమో కష్టపడి నేర్చుకున్న అక్షరాలాయె. చదవకుండ చదివినట్టు చెప్పబుద్ధి కాలే. కొత్తది కొన పైసలు లేకపాయె. జుమ్మేరాత్ బజార్‌ల నేల మీద పరిచిన పాత సామాన్ల నడుమ ఆ నవల దొరికింది. లావు దారంతోని గట్టిగ కుట్టిన అట్ట. "అసలు విలాయతీ మాల్ భాయ్, మీ మనవలు కూడ చదువుకుంటరు" అన్నడు అమ్మేటోడు. నాకు ఇంక పెండ్లే కాలే.

తెచ్చిన గని, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే పేజీకి గంట పట్టింది. సోమవారం ముంచుకొస్తున్నది. అప్పుడు నాకు మా దుకాణం యాదికొచ్చింది. మా కాడ బస్తా వస్తే దాన్ని నేల మీద కుమ్మరించి గింజ గింజ చూడరు. మొన తేలిన ఇనుప గొట్టం ఒకటి ఉంటది. మీద ఒక పోటు, నడుమ ఒక పోటు, అడుగున ఒక పోటు. అరచేతిల పడ్డ గింజలు చూసి, ఒకటి కొరికి, సేటు బస్తా సంగతి మొత్తం చెప్తడు. బస్తాకు పనికొచ్చింది పుస్తకానికెందుకు పనికి రాదు?

పొడిచిన. మొదటి పేజీల ఆ బిడ్డ కిటికీ కాడ కూసోని ఏడుస్తున్నది. ఆఖరి పేజీల కొడుకు తిరిగొచ్చిండు, అందరు కలిసి ఏడుస్తున్నరు. నడుమ పేజీ తెరిస్తే ఒక గుర్రం. కడుపునొప్పి వచ్చి నేల మీద దొర్లుతున్నది, కాళ్లతోని పొట్ట తన్నుకుంటున్నది. పాపం, నా పానం తల్లడిల్లింది. మా దుకాణం ముంగట దినాం జట్కా గుర్రాలను చూసేటోన్ని గదా. ఆ పేజీ మూడుసార్లు చదివిన. పుస్తకం మొత్తం నా అరచేతిల ఉన్నదనుకున్న.

సోమవారం ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చిండు. బంద్ గలా కోటు, చేతిల పొన్నుకర్ర. హెడ్మాస్టర్ సారు నా కాగితం పట్టుకోని ఆయన వెనుక నిలబడ్డడు. మొదటి పిలగాడు లేచి మూడు వాక్యాలు అప్పజెప్పిండు. రెండోడు అవే. మూడోడు అవే. పదకొండోడు చెప్తుంటె ఇన్‌స్పెక్టర్ సాబ్ ఆవులించి, కర్రతోని బల్ల మీద కొట్టిండు.

"ఈ తరగతిల సొంత అభిప్రాయం ఉన్నోడు ఒక్కడన్న లేడా? తెలుగులనే చెప్పుండ్రి, ఫికర్ లేదు."

హెడ్మాస్టర్ సారు నా దిక్కు చూసి కండ్లతోని వద్దన్నడు. గోపాల్ నా అంగీ పట్టి గుంజిండు. "మల్లన్నా, లేవకు. నీకు దండం పెడత."

లేచిన.

"సార్, మొదలు తేమ, ఆఖరు తేమ. ఏడుపు తప్ప ఏం లేదు. నడుమ మాత్రం ఖరా మాల్, అసలు సరుకు. ఆ గుర్రం వచ్చిన కాడ మనసు కరిగిపోతది. అంత నొప్పిల కూడ అది ఒక్క మాట అనదు. ఈ పుస్తకంల మనుషుల కంటె గుర్రమే నయం."

ఇంగ్లీషు సారు మొఖం సుద్దముక్క రంగు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ కనుబొమ్మలు పైకి లేసినయి. నా పని అయిపోయిందనుకున్న.

"గుర్రం..." అన్నడు ఆయన మెల్లగ. "అవును, గుర్రం! శభాష్. మేము చదువుకున్నప్పుడు కూడ ఇదే నవల. ఆ గుర్రం కాడికి వచ్చేసరికి నాకు కండ్లనీళ్లు ఆగలే." ఇంగ్లీషు సారు దిక్కు తిరిగి, "ఏమండి, ఆ ఘట్టం మీద బాగనే చెప్పినట్టున్నరు?" అన్నడు.

ఇంగ్లీషు సారు ముందుకు వచ్చిండు. "చెప్పిన సార్. మూడు దినాలు చెప్పిన. గుర్రమే గదా సార్ ఈ నవలకు ఆత్మ."

"నువ్వు చెప్పు బాబూ, గుర్రం ఎట్లున్నది?" అని ఇన్‌స్పెక్టర్ సాబ్ గోపాల్ దిక్కు కర్ర చూపిండు.

గోపాల్ లేచిండు. "గుర్రం చాన మంచిది సార్. దానిల నీతి గలదు."

"నువ్వు?"

"నాకు గుర్రం తెల్లగ ఉండుడు నచ్చింది సార్" అన్నడు కిటికీకి పుస్తకం అడ్డం పెట్టేటోడు.

గుర్రం రంగు నాకే తెల్వదు. వీళ్లు నా కంటె బాగ చదివినట్టున్నరని నాకు జర సిగ్గు కూడ అయ్యింది.

ఇన్‌స్పెక్టర్ సాబ్ మస్తు ఖుషీల ఉన్నడు. కుర్చీల వెనుకకు ఒరిగి, "మల్లయ్యా, ఆ ఘట్టం చదువు. చదివి తెలుగుల అర్థం చెప్పు. అందరం ఇంకోసారి విందాం" అన్నడు. కండ్లనీళ్లు వస్తే తుడుచుకుందామని జేబుల నుంచి రుమాలు కూడ తీసిండు.

నేను పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్న.

"గుర్రమును దొర్లనియ్యరాదు. మెల్లగ నడిపించవలెను."

"ఆహా" అన్నడు ఇన్‌స్పెక్టర్ సాబ్.

"గోరువెచ్చని నూనె ఒక సీసా తాగించవలెను."

"ఎంత ప్రేమ!" అన్నడు ఇంగ్లీషు సారు.

పేజీ తిప్పిన. ఈ పేజీ నేను పొడవలే, ఇదే మొదటిసారి చూసుడు. "ఇదే జబ్బు గాడిదకు వచ్చినచో నూనె సగము. ఒంటెకు రెండింతలు."

ఇన్‌స్పెక్టర్ సాబ్ రుమాలు కండ్ల కాడికి పోతూ పోతూ నడుమ ఆగింది. "ఒంటె ఎక్కడిది?"

"ఆఖరుకు వస్తది సార్" అన్నడు ఇంగ్లీషు సారు.

"పేడ పడినంతనే పల్టన్ అధికారికి రిపోర్టు రాయవలెను" అని చదివి, నేను కూడ ఆగిన.

ఇన్‌స్పెక్టర్ సాబ్ లేచి వచ్చి నా చేతిల నుంచి పుస్తకం తీసుకున్నడు. నలభై ఆరో పేజీ తర్వాత నూట పన్నెండో పేజీ. అక్కడి నుంచి కాగితం రంగు వేరే, అక్షరాలు వేరే. నవలల చినిగిపోయిన పేజీల జాగల, ఎవడో మిలిట్రీ ఫౌజు గుర్రాల వైద్యం పుస్తకం పెట్టి కుట్టేసిండు. నా గొట్టం పోటు సరిగ్గ ఆ అతుకు నడుమ దిగింది. వరుసగ చదివితే ఐదేండ్ల పోరడు కూడ పట్టేటోడు.

ఆయన నన్ను చూసిండు. ఇంగ్లీషు సారును చూసిండు. సారు కిటికీల నుంచి బయటికి చూస్తున్నడు. ముప్పై మంది పిలగాండ్లు బెంచీలల్ల చెక్కిన పేర్లు చదువుకుంటున్నరు. కండ్లనీళ్లు ఆగలేదన్న పెద్దమనిషి ఏమంటడు? "ఇందుల గుర్రం లేదు" అంటే ఆయన ఏడుపు ఏమైతది?

"ఈయన కాగితం ఏది?" అన్నడు.

హెడ్మాస్టర్ సారు ఇచ్చిండు. చింపుతడనుకున్న. ఆయన కలం తీసి, బల్ల మీద ఒంగి, దస్తఖత్ చేసిండు.

పోయెటప్పుడు తలుపు కాడికి నన్ను పిలిచిండు. "మల్లయ్యా, ఈ గదిల పుస్తకం తెరిచిన మనిషివి నువ్వొక్కనివే. మూడు చోట్లనైతేంది, తెరిచినవు. పరీక్షకు కూసో. ఈ ముచ్చట మాత్రం ఎక్కడ అనకు."

"నేనెందుకంట సార్" అన్న. ఇన్నేండ్లు అనలే. నా నోటికి అంతకంటె పెద్ద శిక్ష ఏం కావాలె.

ఆ వారంలనే గోపాల్ పుస్తకం అడిగి తీసుకున్న. కొత్తది, తెరుస్తుంటె పేజీలు ఒకదాన్ని ఒకటి విడువకుండ పటపటమన్నయి. నెలన్నర కూసోని, మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాక చదివిన. గుర్రం లేదు, గాడిద లేదు. ఆ ఏడ్చే బిడ్డ ఎక్కడికి పోయినా నడుచుకుంటనే పోతది.

మెట్రిక్ పాసైన దినం నిలబడి ఒట్టు పెట్టుకున్న: అట్ట నుంచి అట్ట దాక చదవనిదే ఏ పుస్తకం మీద నోరు తెరవను. ఇప్పటి దాక ఆ ఒట్టు తప్పలే. చదివినంక మాత్రం, రాసినాయన ఎదురుగ కూసున్నా సరే, పుచ్చిందైతే పుచ్చిందనే చెప్త. దానికి ఒట్టు పెట్టుకోమని నన్ను ఎవ్వరు అడగలే.