ఒకే పళ్లెంలో ఇద్దరం

నా చూపు ఒక్కరోజులో పోలేదు. నీటికాసుల జబ్బు చూపును అంచుల నుంచి మెల్లగా తినుకుంటూ వచ్చింది. ఇప్పుడు మిగిలింది పలచని పాలలాంటి వెలుతురు. అందులో మనుషులు నీడలై వస్తారు, కాసేపు గొంతులై ఉంటారు, చెప్పుల చప్పుడై వెళ్లిపోతారు. సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో మధ్యాహ్నాలు సగం నిద్రలోనే గడుస్తాయి. స్టేషన్ వైపు నుంచి రైలు కూత, వంటింట్లోంచి కుక్కర్ కూత ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లేచాక కూడా ఇంకా కలలోనే ఉన్నానేమో అనిపిస్తుంది.

ఇంట్లో తిండికి ఇబ్బంది లేదు. కంటి ఆసుపత్రిలో నేర్పినట్టు నా భార్య కంచాన్ని గడియారం చేసేసింది. ఆరు దగ్గర అన్నం, మూడు దగ్గర కూర, పన్నెండు దగ్గర పచ్చడి. నా మీద కోపం వచ్చిన రోజున "తొమ్మిదికాడ ఏం లేదు, ఊకె దేవులాడకు" అంటుంది. మంచినీళ్ల గ్లాసు ఎప్పుడూ ఎడమచేతి పక్కనే, జానెడు దూరంలో ఉంటుంది.

చిక్కంతా బయటే. రెండేళ్ల కిందట కార్ఖానా బస్తీలో ఒక పెళ్లికి వెళ్లాను. వడ్డించేవాళ్లు ఏది ఎక్కడ వేశారో చెప్పలేదు, నేను అడగలేదు. అడగడం నాకు మొదటి నుంచీ చేతకాదు. మటన్ పులుసు తెచ్చినవాడికి దర్జాగా కంచంలో ఒక చోటు చూపించాను. అక్కడ ఉన్నది బగారన్నం కాదు, పాకంలో నానిన రొట్టెల తీపి, డబుల్ కా మీఠా. పరువు కోసం దాన్నే కలుపుకుని తిన్నాను. ఎదురుగా ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే ఇంకెవరో "పాపం" అన్నారు. నవ్వినవాణ్ణి మనసులోనైనా తిట్టుకోవచ్చు, పాపం అన్నవాళ్లను ఏం చేస్తాం? గుడ్డెద్దు చేలో పడ్డట్టు నా చెయ్యి నలుగురి ముందు కంచంలో తిరుగుతుంటే, ఇక చాలనుకున్నాను.

ఆనాటి నుంచి బయట ఎవరు తినమన్నా ఒకటే మాట. "ఇయ్యాల ఒక్కపొద్దున్న." ఉపవాసం అంటే ఎవరూ బలవంతం చేయరు, పైగా గౌరవిస్తారు.

గౌరవించనివాడు ఒక్కడే, నా దోస్తు. బేగంపేట ఆఫీసులో ఇరవై ఏళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పి, ఒకరికొకరు ముక్కలు పెట్టుకున్నవాళ్లం. వాళ్లింట్లో రంజాన్ విందులకు మా పిల్లల కన్నా ముందు నేనే తయారయ్యేవాణ్ణి. చూపు పోయి నేను ఉద్యోగం మానేసినా, వాడు వారానికోసారి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ తినడానికి బయటికి పిలిచేవాడు. ప్రతిసారీ నాకు ఒక్కపొద్దే.

మొన్న చలికాలంలో వచ్చి అడిగాడు. "ఇయ్యాల ఏం వారం?"

"బుధవారం. ఒక్కపొద్దున్న."

"పోయినసారి మంగళారం. అంతకుముందు శనివారం. వారంలో దినాలన్నీ అయిపోయినయ్. ఇంగ కొత్త దినం ఒకటి కనుక్కోవాలె నువ్వు."

నవ్వాను. వాడు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరిగిన చప్పుడైంది.

"నాతోని కూసొని తినాలంటే గుడ సిగ్గేనా? సిగ్గైతే సాఫ్ చెప్పు. ఇంగ అడగ, ఎన్నడూ అడగ."

వాడి గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఇంకోసారి కాదంటే నిజంగానే అడగడని తెలిసిపోయింది. భయమేసింది. చెప్పులెక్కడున్నాయని నా భార్యను అడిగాను.

కార్ఖానాలో ఒక మండీ హోటల్, కింద కూర్చుని అరబ్బుల తీరు మాంసం అన్నం తినే చోటు. కింద మెత్తటి తివాచీ, ఎక్కడో నీళ్లు చిలకరిస్తున్నట్టు మెల్లటి పాట, వేడి అన్నంలోంచి లవంగాల వాసన. కిటికీ వైపు వెలుతురు పసుపుగా ఊగుతోంది. చాలా దూరం వచ్చేసినట్టు, ఇది మా ఊరు కానట్టు అనిపించింది.

"ఒకటే పళ్లెం, మన నడుమ ఉంది," అన్నాడు వాడు. "నీ దిక్కు నీది, నా దిక్కు నాది. నీ అంచుకెల్లి తినుకుంట లోపలికి రా. అవతలి దిక్కు చెయ్యి పెట్టొద్దు, గదే తమీజ్."

ఇంత తేలికైన మర్యాద నేనెప్పుడూ వినలేదు. వేలు అంచుకు ఆనించాను. అన్నం, ఇంకొంచెం అన్నం, మెత్తటి మాంసం. కొంత తిన్నాక అనుమానం వచ్చింది. ఎంత తిన్నా ముక్కలు అయిపోవడం లేదు. వాడే నా వైపు తోస్తున్నాడు.

"పాపమని పెడుతున్నవా?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"పక్కోళ్లను జెర విను."

విన్నాను. పక్కన నలుగురు కుర్రాళ్లు ఒక పళ్లెం చుట్టూ ఉన్నారు. "నువ్వు తిను బే", "నాకెందుకు, నువ్వే తిను". ముక్కలు అటూ ఇటూ తిరుగుతున్నట్టున్నాయి.

"అందరూ గిట్లనే పెట్టుకుంటరు," అన్నాడు. "నీకు ఒక్కనికే కాదు."

తలవంచుకుని తిన్నాను. మరి వీడేం తింటున్నాడు? నమిలిన చప్పుడే లేదు. తమీజ్ సంగతి పక్కన పెట్టి, పళ్లెం అవతలి వైపుకు చెయ్యి చాచాను. వాడి వైపు అన్నం పోసింది పోసినట్టే ఉంది, చల్లబడిపోయింది. ఇంతసేపూ నన్ను చూసుకుంటూ, వాడు ఒక్క ముద్ద కూడా ముట్టలేదు.

నా వైపు తడిమాను. ఒకటి ఎముక, ఒకటి కొవ్వు. మూడోది మంచి ముక్క. దాన్ని అన్నం మీదుగా వాడి వైపుకు తోసి, వాడి వేళ్లకు తగిలించాను.

వాడి వేళ్లు ఆ ముక్కను అందుకున్నాయి.

"రెండేండ్లయింది," అన్నాడు. "నువ్వు నాకు ముక్క పెట్టక."

తర్వాత తినడం షురూ చేశాడు. నాకు ఏడుపొచ్చింది. కుడిచెయ్యి జిడ్డుగా ఉండడంతో ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాను.