కోడి మెడలు కొనే అక్క

అక్క పోయిందని పాలకొల్లు నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను మస్కట్ రూవి బజారులో మాంసం కొట్టు ముందు కోడి మెడల కోసం నిలబడి ఉన్నాను. కొట్టతను సంచీ అందిస్తూ నా మొహం చూసి "క్యా హువా సిస్టర్?" అన్నాడు. చెప్పాను. కత్తి పక్కన పెట్టేశాడు. అతనికీ ఆవిడ బాగా తెలుసు. ఆ మెడలు నేను వండుకోవడానికి కాదు. అక్క నాకు అప్పజెప్పి వెళ్లిన కుక్కకు, పచ్చివే పెట్టడానికి.

అక్క నా తోబుట్టువు కాదు. నేను మస్కట్ వచ్చిన కొత్తలో మా వార్డులో సీనియర్ నర్సు. డ్యూటీలో సిస్టర్, రూమ్‌కి వస్తే అక్క. ఊళ్లోనే బౌషర్‌లో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని ఇద్దరం ఉండేవాళ్లం. ఆవిడది గోదావరి మాట, నాది జగిత్యాల మాట. ఒకరి కూర ఒకరికి కారం తక్కువ, ఒకరి యాస ఒకరికి నవ్వులాట.

కింది వాటాలో వాళ్లు ఒమన్ వదిలి వెళ్లిపోతూ కుక్కను గేటు దగ్గరే వదిలేశారు. ఒంటి మీద సగం జుట్టు లేదు, గోక్కుని గోక్కుని అంతా పుళ్లు. అక్క దాన్ని పైకి తీసుకొచ్చి చంటి అని పేరు పెట్టేసింది. నేను మంచం ఎక్కి కూర్చున్నాను.

"కుక్కను సూస్తే నా పానం పోతదక్కా, వద్దు."

"పోతే నేను లేనేంటే? గుండె నొక్కి లేపుతాలే, దిగు."

బజారులో దొరికే గోలీల్లాంటి కుక్కల తిండి వాడికి పడటం లేదని పశువుల డాక్టరు చెప్పాడు. కోడి మెడలు, కందనకాయలు, గుండెకాయలు, కాస్త కార్జం కొన్నాళ్లు ఫ్రీజర్‌లో ఉంచి, కరిగాక పచ్చివే పెట్టమన్నాడు. అక్క బుద్ధిగా అన్నీ విన్నది. ఇంటికొచ్చి, చేతి అలవాటు కొద్దీ మెడలన్నిటికీ ఉప్పూ పసుపూ పట్టించి, అల్లంవెల్లుల్లి డబ్బా మూత తీస్తుండగా నేను కేక పెట్టాను. ఆ రోజంతా మెడలు కడుగుతూనే ఉంది. అయినా చంటి వాసన చూసి తుమ్మాడు. ఇక మా ఫ్రిజ్ సంగతి చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన స్నేహితురాలు ఆశగా ఐస్‌క్రీమ్ డబ్బా తీసి, లోపల కందనకాయలు చూసి, మళ్లీ మా గడప తొక్కలేదు.

కుక్కకని చెబితే కొట్టతను ఏమనుకుంటాడోనని, మొదటిసారి "ఇంట్లో పిల్లాడికి" అనేసింది అక్క. అప్పటినుంచి అతను ప్రతి వారం "బచ్చా కైసా హై?" అని పిల్లాడి క్షేమం అడిగేవాడు. అక్క దారి పొడుగునా నా దగ్గర గొణిగేది. "పొద్దున్నే ప్రార్థన చేసిన నోటితో ఈ అబద్ధమేంటే నాకు?" ఇక్కడి సెలవు రోజు, ఒక శుక్రవారం, చర్చి నుంచి నేరుగా కొట్టుకు వెళ్లి, తెల్ల చీరలో నిలబడి, "భయ్యా, బచ్చా నహీ, కుత్తా హై" అని చెప్పేసింది. అతను పడీ పడీ నవ్వాడు. "మాలూమ్ హై సిస్టర్. కౌన్ బచ్చా ఇత్‌నీ గర్దన్ ఖాతా హై?" ఏ పిల్లాడు ఇన్ని మెడలు తింటాడని ఎదురడిగి, సంచీలో ఓ గుప్పెడు గుండెకాయలు ఊరికే వేశాడు.

చంటికి జుట్టు వచ్చింది, నిగనిగలాడాడు. కానీ గిన్నె అక్క పెడితేనే తినేవాడు. నేను పెడితే మూతి తిప్పుకునేవాడు. మాకది వేళాకోళంగానే ఉండేది. అప్పుడే అక్క కడుపులో గడ్డ బయటపడింది. తమ్ముడి దగ్గరికి వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలి.

"వీడు నీ చేత్తో తినేదాకా నేను టికెట్ తియ్యను" అంది.

కుక్క కోసం ఆగుతావా అని అరిచాను. ఆవిడ వినలేదు. "పేషెంటుకు పెట్టినట్టే పెట్టు. పెట్టే చెయ్యి వణికిందా, తినేవాడికి తెలిసిపోద్దే" అని చెప్పి, వాడికి కనబడకుండా వెళ్లి మెట్ల మీద కూర్చునేది. నేను నేల మీద చతికిలబడి, మెడ ముక్క అరచేతిలో పెట్టుకుని బతిమాలేదాన్ని. "తినురా, నీ కాల్మొక్త. నువ్వు తింటెనే అక్క ఆపరేషన్‌కు పోతది." వాడు తలుపు వైపు చూస్తూ పడుకునేవాడు. అలా కొన్ని రోజులు. కోపంతో, భయంతో ఏడ్చాను కూడా. చివరికి ఒక సాయంత్రం నా చేతిలో ముక్క మెల్లగా అందుకున్నాడు. ఎముక పటుక్కుమంది. తలుపు తీసి చూస్తే అక్క మెట్ల మీద చున్నీతో కళ్లొత్తుకుంటోంది. "విన్నానే" అంది. లోపలికి మాత్రం రాలేదు. ఆ సాయంత్రమే టికెట్ తీసుకుంది. అప్పటికే క్యాన్సర్ పాకిపోయిందని, ఆ కొద్ది రోజులు ఆగకపోయినా పెద్దగా మారేదేమీ లేదని తర్వాత డాక్టర్లు అన్నారు. ఆ మాట పట్టుకునే నేను నిద్రపోతున్నాను.

ఊరు వెళ్లాక, చంటి తినే వేళకు వీడియో కాల్ చేసేది. తన వైపు సౌండ్ ఆపేసేది. ఒక్కసారి పిలిస్తే నీ సొమ్మేం పోయిందని పోట్లాడితే మెసేజ్ పెట్టింది: "నా గొంతు వింటే వెతుక్కుంటాడే. ఇల్లంతా వెతుక్కుని, తినడం మానేస్తాడు. నువ్వు పెట్టు, నేను చూస్తా."

పోయే ముందు వారం చివరిసారి చేసింది. ఆసుపత్రి మంచం, తలకు ఊలు టోపీ, మొహంలో కళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. నేను ఫోన్ గిన్నె వైపు తిప్పి పట్టుకున్నాను. అక్క పెదవులు కదిలాయి. వాడి పేరే. పిలిచింది, మళ్లీ పిలిచింది, చప్పుడు లేకుండా. చంటి తల ఎత్తకుండా తింటున్నాడు.