పదో లెక్క చెయ్యని పిల్ల

టాక్ మన్సూ మాస్టారిది ముప్పై రెండేళ్ళుగా ఒకటే పద్ధతి. లెక్కల కాగితం అందరికన్నా ముందు పూర్తిచేసిన పిల్లకు బహుమతిగా ఇంకో కాగితం ఇస్తారు. అదీ చేస్తే మూడోది. ఆయన దగ్గర చదివి పెద్దవాళ్ళయిన వాళ్ళు జెచన్ ఊళ్ళో ఆయన ఎదురొస్తే ఈనాటికీ పక్క సందులోకి తిరుగుతారు. అది గౌరవమని మాస్టారి నమ్మకం.

ఆయన నాలుగో తరగతిలో బోంగ్ యూరి అనే పిల్ల ఉంది. తొమ్మిది లెక్కలు చిటికెలో చేసేది. పదోది వదిలేసి గంట కొట్టేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. వాళ్ళ అమ్మమ్మ బజారులో ఎర్ర కారంలో ఉడికించిన చేపముద్దలు గుచ్చిన పుల్లలు అమ్ముతుంది. తెలివైన పిల్లల ప్రత్యేక తరగతికి ప్రతి క్లాసు నుంచి ఒక్కరి పేరే పంపుతారని విని, ఒంటి మీది ఏప్రన్‌తోనే బడికి పరిగెత్తుకొచ్చింది.

"మా యూరికి బుర్రుంది సారూ. ఇంట్లో ప్రశ్నలతో నన్ను తినేస్తోంది. దాని పేరు రాయండి."

"బుర్రుంటే చాలదమ్మా, బద్ధకం పోవాలి. ముందు ఆ పదో లెక్క చెయ్యమనండి."

ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఇంతలో, పేర్లు పంపే టీచర్లు వేసవి సెలవుల్లో అరవై గంటల శిక్షణకు రావాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. "తాతకు దగ్గులు నేర్పుతారట!" అని మాస్టారు మండిపడుతూనే వెళ్ళారు.

శిక్షణ ఇచ్చే ప్యో హాయున్‌కు ముప్పై దాటవు. నాలుగో రోజు పది లెక్కల కాగితం పంచింది. మాస్టారు అందరికన్నా ముందు పూర్తిచేసి, చప్పుడయ్యేలా పెన్ను బల్ల మీద పెట్టారు.

"భలే చేశారు సార్," అంటూ ఆమె ఇంకో కాగితం ఇచ్చింది.

అదీ చేశారు. మూడోది వచ్చింది. అవే లెక్కలు, అంకెలే వేరు. పక్కనే గూ మాస్టారు నాలుగో లెక్క దగ్గర ఆగి, బార్లీ టీ తాగుతూ విసురుకుంటున్నారు.

"ఏం గూ సార్, రావట్లేదా?"

"వస్తే మీ గతే పడుతుందిగా సార్. అందుకే రానివ్వట్లేదు."

పన్నెండు కావస్తోంది. వరండాలో భోజనం డబ్బాలు దిగాయి. మూడో కాగితంలో తొమ్మిది పూర్తిచేసిన మాస్టారు, పదోదాని మీద పెన్ను పెట్టి, తీసి, కిటికీలోంచి బయటికి చూడసాగారు. హాయున్ వంగి చూసింది.

"పదోది కష్టంగా ఉందా సార్?"

"లేదులే... ఆలోచిస్తున్నా."

"మీ క్లాసులో ఇలా ఆలోచించే పిల్లలెవరైనా ఉన్నారా?"

ఆ పూట మాస్టారికి అన్నం సహించలేదు. యూరి ఒక్కతే కాదు, ముప్పై రెండేళ్ళ పిల్లలు వరసగా గుర్తొచ్చారు. సిగ్గుతో చెవులు మండాయి.

బడి తెరవగానే యూరిని పిలిచారు.

"ఇక నుంచి ముందు చేసినా ఇంకో కాగితం ఇవ్వను."

"ఒట్టేనా?" పిల్ల చిటికెన వేలు చాపింది. మాస్టారు వేలు కలిపారు. "బొటనవేళ్ళతో ముద్ర కూడా వెయ్యాలి సార్. పెద్దవాళ్ళ ఒట్టు ఉత్తినే నమ్మకూడదు."

ముద్ర పడ్డాక ఆ రోజు కాగితంలో పదో లెక్క చేసి పారేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఏప్రిల్‌లో ఇచ్చిన కాగితంలో ఆరో లెక్కే తప్పు సార్. చెబితే దిద్దిన కాగితం ఇంకోటి ఇస్తారని చెప్పలేదు," అంది.

మాస్టారు తీసి చూశారు. తప్పే. పదకొండేళ్ళుగా అదే ఇస్తున్నారు.

యూరి పేరు పంపే సిఫారసు పత్రంలో "ఉపాధ్యాయుడు ఇచ్చిన ప్రోత్సాహం" అన్నచోట, "ఆగస్టు దాకా లేదు. నేనే అడ్డుపడ్డాను," అని రాశారు. వైస్ ప్రిన్సిపాల్ ఓక్ గారు బెంబేలెత్తారు.

"ఇదేం రాత సార్! కొట్టేసి, 'నిరంతరం ప్రోత్సహించాను' అని రాయండి. అందరూ రాసేది అదే."

"కొట్టేస్తే నా పేరు కొట్టెయ్యండి మేడమ్. పిల్ల పేరు మాత్రం ఉంచండి."

పత్రం ఉన్నదున్నట్టే పైకి వెళ్ళింది. ఆ సాయంత్రం మాస్టారు బజారుకెళ్ళి, నలుగురూ చూస్తుండగా అమ్మమ్మ ముందు నడుం వంచారు.

"పేరు పంపానమ్మా. ఇన్నాళ్ళూ పిల్లను నేను సరిగ్గా చూడలేదు. క్షమించండి."

"అయ్యయ్యో, లేవండి సారూ!" అంది ఆవిడ కంగారుగా. "నేను మాత్రం ఏం చూశాను? అది ప్రశ్న అడిగినప్పుడల్లా నోట్లో ఒక చేపముద్ద పుల్ల కుక్కాను."