ఈనినా గొడ్డే

మా పెద్దమ్మ పోయిందన్న వార్త నాకు తిరుపతిలో తెలిసింది. బిడ్డల కోసం నేను తిరిగే ఆసుపత్రి వరండాలో టోకెన్ చేత్తో పట్టుకొని కూర్చున్నాను. సత్యవేడు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

“అక్కా, పెద్దమ్మ పొయ్యిందిక్కా. పొద్దున్నే పాలు పిండేదానికి లేయలేదని పక్కింటామె తలుపు తట్టినాది. యాడుండావు నువ్వు?”

ఎక్కడున్నానో చెప్పలేకపోయాను. అది శుక్రవారం. ఆదివారం ఆమె చిత్తూరు వచ్చి, మా అత్తగారింట్లో నా తరఫున మాట్లాడాల్సి ఉంది. ఆ వరండాలోనే ఏడ్చాను. ఆ ఏడుపు ఆమె కోసమా, ఆదివారం కోసమా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మా అమ్మకు అక్క ఆమె. హైస్కూల్లో తెలుగు టీచరు. పెదనాయన పోయాక ఒక్కతే ఉండేది. ఇంటి వెనక కొట్టంలో రెండు ఆవులు. పిల్లలు లేరు. పదో తరగతిలో నాకు ఆమే పాఠం చెప్పింది. ఇంట్లో పెద్దమ్మ, బళ్ళో మేడం. బళ్ళో నోరు జారి ‘పెద్దమ్మా’ అన్నానంటే ఇక ఆ పూటకు నా వైపు చూసేది కాదు.

మీరు కూడా రుగాగమ సంధి చదువుకొనే ఉంటారు. పేద, బీద, బాలింత, మనుమ, గొడ్డు లాంటి మాటలకు ‘ఆలు’ చేరితే మధ్యలో ఒక ‘ర’ వచ్చి కూర్చుంటుంది. పేదరాలు, బాలింతరాలు, మనుమరాలు. మీ బళ్ళో ఈ వరస ఎక్కడిదాకా చెప్పి ఆపేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. మా పక్క సెక్షన్ సారు మనుమరాలి దగ్గర ఆపి పుస్తకం మూసేసేవాడు. పెద్దమ్మ ఆపలేదు. ‘గొడ్డు + ఆలు = గొడ్డురాలు’ అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి, “గొడ్డు అంటే ఏమేమి అర్థాలున్నాయో చెప్పండి” అంది. పశువు అన్నారు. గొడ్డు చాకిరి అన్నారు. గొడ్డు కారం అన్నారు. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్ల ఒకతి లేచి, “మేము మాడు అంటాం మేడం” అంది.

“తమిళంలో ఆ మాటకు సొత్తు అని కూడా అర్థముంది. కొట్టంలో ఉండేదే సిరి వాళ్ళకు. సరే, మన మాటకు ఇంకొక అర్థముంది. ఎవరు చెప్తారు?”

ఆమె సుద్దముక్క మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“అయితే నేను చెప్తా. కాపు లేనిది. ఈనని ఆవు, కనని ఆడది. ఊళ్ళో నా పేరు కూడా అదే, మీకు తెలియంది కాదు. రాసుకోండి. బాలింతరాలికీ గొడ్డురాలికీ సంధి ఒకటే, పరీక్షలో మార్కులూ ఒకటే.”

ఆ పూట మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

పశువుకూ, బిడ్డల్లేని ఆడదానికీ ఒకే మాట ఎట్లా వచ్చిందని ఆ సాయంత్రం కొట్టంలో అడిగాను. పాలు పిండుతూ, తల తిప్పకుండానే చెప్పింది.

“ఎవురికి తెలుసే. రెండు మాటలు కలిసిపొయినాయో, ఒకటే రెండుగా సీలిందో. నేనూ శానా ఎతికినా, నాకు తేలలేదు. ఇదొకటి మాత్రం సూడు. ఈ ఆవు ఏటా ఈనతా ఉండాది. దీన్నేమంటారు? గొడ్డు. ఆ పక్కది ఒక్కసారీ సూడి కట్టలేదు. దాన్నేమంటారు? గొడ్డు. ఈనినా గొడ్డే, ఈనకపొయినా గొడ్డే. మాటకే లేని పట్టింపు మనుషులకెందుకో.”

ఆ ఈనని ఆవును అమ్మేయమని బేరగాళ్ళు ఎన్నిసార్లు వచ్చినా అమ్మలేదు. రాత్రి అన్నంలోకి ఆమెకు గొడ్డు కారమే ఇష్టం. ఉత్త ఉప్పూ, మిరపపొడీ. “ఇంగేమీ కలపలేదు కాబట్టి గొడ్డు కారం. తక్కువైందని కాదు” అనేది. ఆ మాటను ఆమె ఎటు పడితే అటు తిప్పేది. ముల్లును కొంచెం కొంచెంగా అరగదీస్తున్నట్టు ఉండేది నాకు.

అరగలేదు. పక్క వీధిలో శ్రీమంతానికి పిలిచి, గాజులు తొడిగే వరసలో ఆమె వంతు రాగానే గాజుల పళ్ళెం పక్కామెకు ఇచ్చారు. నేను చూశాను. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా గడప మీద కూర్చుంది. ఆవులు అరుస్తున్నా లేవలేదు. “ఎన్ని అర్థాలు సెప్పుకున్నా, అది తగిలేది మాత్రం ఒక్క సోటేలే” అంది. ఆమె నోటి నుంచి విన్న వాటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చిన మాట ఇదే.

ఎందుకంటే ఆ పేరు నాకూ వచ్చింది. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఆసుపత్రులు, సూదులు, మొక్కులు అన్నీ అయ్యాయి. ఈ వేసవిలో మా అత్తగారు తన కొడుక్కి ఇంకో సంబంధం చూస్తామని, నన్ను మర్యాదగా విడిపొమ్మని నా ముందే అంది. నా భర్త ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. నేను బస్సెక్కి సత్యవేడు పోయి, ఇక బతకనని పెద్దమ్మతో చెప్పాను. ఆమె ఓదార్చలేదు. గడ్డి మోపు విప్పి నా ముందు వేసి, ఆవులకు వెయ్యమంది.

“ఆదివారం నేనొస్తా. వాళ్ళతో నేను మాట్లాడతా. నువ్వేమీ మాట్లాడొద్దు. నా పక్కన కూసో, సాలు.”

ఆ ఒక్క మాట పట్టుకొని నేను చిత్తూరు తిరిగి వచ్చాను. ఆమె రాకముందే పోయింది. నాకు కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటని మీరు అనుకోవచ్చు. వచ్చింది, ఇంకా ఉంది.

కర్మ రోజు మా అత్తగారు వచ్చింది. షామియానా కింద కుర్చీలో కూర్చొని, దండ వేసిన ఫోటో వైపు చూసి, “పాపం, బతికినన్నాళ్ళూ గొడ్డు చాకిరి సేసినాది. ఎవురికోసమో” అంది. జాలిగానే అంది. అర్థాలన్నీ నాకు బోర్డు మీద రాసినట్టు వరసగా కనబడ్డాయి. పెద్దమ్మ అయితే ఇప్పుడేమనేదో అది కూడా తెలుసు. నోరు తెరిచాను. “కాపీ తాగుతారా” అని మాత్రం వచ్చింది.

తెచ్చి ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికిస్తూ ఆమె నెమ్మదిగా అడిగింది.

“మాట్లాడేదానికి మీ పెద్దమ్మ వస్తాదంటివే. ఇంగ మీ తరపున ఎవురొస్తారు?”

“నేనే” అన్నాను.

అప్పుడే వెనక వంటవాళ్ళు మిక్సీ వేశారు. ఆమెకు వినపడలేదు. “ఏమీ?” అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. గ్లాసు పట్టుకొని, మిక్సీ ఆగేదాకా ఆమె ముందే నిలబడ్డాను.