రండి అంటేనే వచ్చేవాడు

పన్నెండేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. చిన్న మాటే. 'రండి'.

కొలకలూరు దగ్గర మా నిమ్మతోటకు వచ్చినవాళ్ళందరూ ఆ మాటనే మెచ్చుకుంటారు. ఇళ్ళల్లో వద్దనుకున్నవీ, కరుస్తున్నాయని కట్టేసి కొట్టినవీ, ఇరవై మూడు కుక్కలు ఇక్కడ ఉన్నాయి. గేటు దగ్గర నిలబడి "రండి" అంటే చాలు, దుమ్ము లేపుకుంటూ అన్నీ పరుగెత్తుకొస్తాయి. తెనాలి నుంచి మూతికి తాడు కట్టి తెచ్చిన నల్లది ఆరు నెలలు ఎవర్నీ దగ్గరకు రానివ్వలేదు. ఇప్పుడు అన్నిటికన్నా ముందు వచ్చేది అదే. "ఒక్క కుక్కను పిలిచినా రండి అంటారే, ఎంత సంస్కారమండీ మీది!" అంటారు చూడవచ్చినవాళ్ళు. నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు. మీకు చెబుతున్నాను, అది సిగ్గు.

ఆ మాట నాది కాదు. బాపట్లలో నాకు చదువు చెప్పిన తెలుగు మాస్టారిది. రిటైరయ్యాక ఆయన రేపల్లెలో అక్కగారింటికి మారుతూ, ఆవిడకు కుక్కలంటే భయమని, తన గోపిని నాకు అప్పగించారు.

"రండి అంటేనే వస్తాడయ్యా. రారా అంటే కదలడు."

"కుక్కకి మర్యాదేంటండి, మాస్టారూ!"

"నవ్వకు. నిన్ను కూడా అండీ అని పిలిచుంటే ఇంకో నాలుగు మార్కులొచ్చేవేమో."

మూడో రోజు తోటలో కూలీల ముందు "రారా" అన్నాను. గోపి కదల్లేదు. మళ్ళీ అన్నాను. "అల్లుడుగారు, బొట్టు పెట్టి పిలిస్తేగాని లేవరండి" అంది ఒకామె. అందరూ నవ్వారు.

ఆ ఒక్క మాట అంటే నాకేం పోయేది? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న. కుక్క మాట విననందుకు కాదు, నలుగురిలో నవ్వులపాలైనందుకు, ఆ నవ్వినవాళ్ళను ఏమీ అనలేక, నోరులేనిదాని మీద కర్ర ఎత్తాను. మూడు దెబ్బలు ఓర్చుకున్నాడు. నాలుగోదానికి చెయ్యి కరిచాడు.

మర్నాడు ఆటోలో వాడరేవు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి ఇసుకలో వదిలేశాను. ఆటో కదులుతుంటే లేచి నిలబడ్డాడు. వెంటపడలేదు. పిలుపు కోసం చూస్తున్నాడు. అది నాకు తెలుసు. తెలిసే పిలవలేదు.

మాస్టారికి ఫోనులో గోపి పాము కరిచి చనిపోయాడని చెప్పాను. "పోనీలేవయ్యా, ఆఖరిదాకా నీ దగ్గరే ఉన్నాడు" అన్నారు. ఆ ఓదార్పు కర్రదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

వారం తరవాత వెళ్ళి ఆ ఇసుకంతా "రండి, రండి" అంటూ తిరిగాను. వలలు బాగుచేసుకునేవాళ్ళు, "ఎవర్నండీ భోజనానికి పిలుస్తున్నారు?" అని నవ్వారు. గోపి రాలేదు. గజ్జి పట్టిన ఇంకో కుక్క వచ్చింది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఈ తోటలో అదే మొదటిది. ఆ తరవాత ఒక్కదాన్నీ వద్దనలేదు. పశ్చాత్తాపమా ఇది? లేక చేసిన పాపం మీద పుణ్యం కప్పడమా? కుక్కలకు ఆ తేడా తెలియదు. నాకు తెలుసు.

మొన్న ఆదివారం పొద్దున రేపల్లె వెళ్ళి మాస్టారికి చెప్పేశాను. కర్ర, వాడరేవు, లేని పాము. ఏదీ తగ్గించలేదు. చిన్నప్పటినుంచి నన్ను 'నువ్వు' అనే మనిషి, లేచి నిలబడి, "సరే. వెళ్ళి రండి" అన్నారు.

గోపికిచ్చిన మర్యాదే నాకూ ఇచ్చారా? పరాయివాణ్ణి చేశారా? అడగలేదు. అడిగే హక్కు లేదు.

కానీ ఆ సాయంత్రం గేటు దగ్గర, పన్నెండేళ్ళలో తొలిసారి, తోట దద్దరిల్లేలా "రండి!" అన్నాను. ఇరవై మూడూ వచ్చాయి. నల్లది నా భుజాల మీదికి ఎగిరింది. చూడవచ్చిన దంపతులు ఎప్పటి పొగడ్తే మొదలుపెట్టారు. ఈసారి తల వంచుకోలేదు.

"ఆ మాట నాది కాదండి. గోపిది."

"గోపి ఎవరండి?"

"కూర్చోండి, చెబుతాను" అన్నాను.