వంతెన మస్టరులో లేని పేరు

నేను మార్కాపురంలో ప్లీడరుగా బోర్డు కట్టిన రెండో ఏడు అది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. మా తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ కర్నూలే రాజధాని కావడంతో మా ఊరి పెద్దమనుషుల నడకలోనే తేడా వచ్చింది. రోడ్లు వేస్తున్నారు, బడులు కడుతున్నారు, వాగుల మీద వంతెనలు లేపుతున్నారు. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేయడంతో చేలు బీడుపడిన జనం ఆ పనుల మీదే బతుకుతున్నారు. రాష్ట్రాన్ని మనమే కట్టుకుంటున్నామని సభల్లో ఉపన్యాసాలు దంచేవారు. నేనూ ఒకటి రెండు సభల్లో దంచాను. కట్టేవాళ్ళు ఎవరో అప్పటికి నేను దగ్గరగా చూడలేదు.

ఒక సోమవారం ఉదయం కోర్టుకు బయల్దేరబోతుంటే నా గది అరుగు మీద ఆలుమగలు ఇద్దరు కూర్చుని ఉన్నారు. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె వాళ్ళది. గొర్రెలు మేపుకునే ఇంటివాళ్ళు. కరువులో సగం మంద చచ్చిపోతే మిగతా సగం అమ్ముకుని వంతెన పనికి వచ్చారు. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమ చేయి మోచేతి నుంచి కిందికి లేదు. దాన్ని ఆమె కొంగుతో కప్పుకోలేదు. భర్త మాత్రం తప్పు చేసినవాడిలా ఆమె వెనక తల వంచుకుని కూర్చున్నాడు.

జరిగింది ఆమే చెప్పింది. అతను వంతెన కింద వాగులో రాళ్ళు కొట్టేవాడు. ఆమె పైకి సున్నం తట్టలు మోసేది. స్తంభం లేచేకొద్దీ రాళ్ళు పేర్చే బేల్దార్లు నిలబడి కట్టడానికి కర్రలతో, తాళ్ళతో సారవ కట్టేవారు. తట్ట నెత్తిన పెట్టుకుని ఆ సారవ మీదుగానే ఎక్కాలి. తాళ్ళు చివికిపోయాయని బేల్దార్లు మేస్త్రీకి చెప్పారు. “ఈ స్తంభం అయిపోయేదాకా ఓర్చుకోండి” అన్నాడు మేస్త్రీ. మూడో రోజు మధ్యాహ్నం తాడు తెగి సారవ ఒరిగింది. పైనున్న బేల్దారి స్తంభం అంచు పట్టుకుని వేలాడి బతికాడు. ఈమె తట్టతో సహా కింద పడింది. వెనకే సారవ మీంచి జారిన బండ ఆమె చేతిమీద పడింది.

పనికాడ కంట్రాక్టరు జీపు నీడలో నిలబెట్టి ఉంది. ఇంజనీరు గారిని తీసుకురావడానికి పోవాలంటూ మేస్త్రీ దాన్ని కదలనీయలేదు. ఎద్దుల బండి కట్టించి, గడ్డి మీద పడుకోబెట్టి ఆమెను మార్కాపురం ఆస్పత్రికి తెచ్చేసరికి పొద్దు వాలింది. చేయి దక్కలేదు.

“చెయ్యి పోయిందని రాలేదయ్యా,” అంది ఆమె. “పోయింది మళ్ళా వస్తదా? నేను ఆ పనికాడ లేనే లేనని చెప్తున్నాడంట కంట్రాక్టరు. ఆ మాట విని వచ్చినా.”

మర్నాడు నేను కంట్రాక్టరును కలిశాను. మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు. కూలీల పేర్లు రాసే మస్టరు పుస్తకం తనే తీసి నా ముందు పెట్టాడు. అందులో భర్త పేరు ఉంది. ఆమె పేరు లేదు. ఆ ఒక్క ఆడమనిషిదే కాదు, అసలు ఏ ఆడమనిషి పేరూ లేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పని చేస్తే మొగుడి పేరు మీద జంట కూలి రాసి, వారం చివర అతని చేతికే ఇచ్చేవారు. అది అక్కడి ఆనవాయితీ. ఆ ఆనవాయితీ ఎంత ఉపయోగమో కంట్రాక్టరుకు బాగా తెలుసు.

“మా కూలీ కాదండీ ఆమె,” అన్నాడు నవ్వుతూ. “మొగుడికి సంగటి తెచ్చింది. పైన ఎట్లుందో చూద్దామని ఎక్కింది. ఏం చేస్తాం, ఆడవాళ్ళ ఆత్రం.”

అంటూ ఒక కాగితం చూపించాడు. సరిగ్గా అదే మాట అందులో రాసి ఉంది. కింద ఆమె భర్త వేలిముద్ర. అయినా దయతలిచి ఎంతో కొంత ఇస్తానన్నాడు.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను తిరిగొచ్చి, ఇచ్చింది పుచ్చుకోమని ఆమెకు సలహా చెప్పాను. మస్టరులో పేరు లేదు, భర్తే వేలిముద్ర వేశాడు, కేసు నిలవదు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

“అయితే నువ్వు గూడా నేను సంగటి తెచ్చినాననే అంటావా?”

ఆమె భర్త వైపు తిరిగి, “నువ్వు చెప్పు, ఆ వేలు యాడ వేసినావో చెప్పు” అంది. అతను నేల చూస్తూ చెప్పాడు. ఆస్పత్రిలో ఆమె తెలివి లేకుండా ఉన్నప్పుడు మేస్త్రీ వచ్చాడట. మందుల ఖర్చుకు కంట్రాక్టరు డబ్బు పంపాడని, ముట్టినట్టు వేలు వేయమని అన్నాడట. వేయకపోతే రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడట.

“చదివి వినిపించినాడా?” అని అడిగాను.

“మాకు చదివి చెప్పేదెవరయ్యా? ఇట్ల పెట్టు అన్నాడు, పెట్టినా.”

చేయి పోయి తెలివి లేకుండా పడి ఉన్న భార్య పక్కన నిలబడిన మనిషి చేత, ఆమె కూలీయే కాదని వేలిముద్ర వేయించుకున్నారు. అప్పుడు నాకు వచ్చిన కోపం నలభై ఏళ్ళయినా పూర్తిగా దిగలేదు.

పనిలో దెబ్బతిన్న కూలీకి యజమాని నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం తెల్లవాళ్ళ కాలంలోనే వచ్చింది. వంతెన పనులూ అందులో ఉన్నాయి. మా తాలూకాలో దాన్ని ఎవరైనా వాడినట్టు నేను వినలేదు. పుస్తకం నా బీరువాలోనే ఉంది, పేజీలు అంటుకుపోయి. దరఖాస్తు రాసి, కర్నూలులో పరిహారాలు విచారించే అధికారికి పంపాను.

ఇక సాక్షుల వేట. ఆమెతో పాటు తట్టలు మోసిన ఆడవాళ్ళ పల్లెలన్నీ తిరిగాను. అందరూ నాకు మజ్జిగ ఇచ్చారు, మాట మాత్రం ఎవరూ ఇవ్వలేదు. సాక్ష్యానికి పోయినవాళ్ళ ఇంట్లో మొగాళ్ళకు కూడా పని ఉండదని మేస్త్రీ ముందే చాటింపు వేసినంత పని చేశాడు. స్తంభం పట్టుకుని బతికిన బేల్దారి దొనకొండ వైపు వేరే పనిలో ఉన్నాడంటే అక్కడికీ పోయాను.

“ఆయమ్మ నా ముందరే పడింది సామీ,” అన్నాడతను. “కానీ ఆ కంట్రాక్టరుకు తెలియని పని ఈ చుట్టుపక్కల లేదు. నా నోటికాడి కూడు తీయొద్దు.”

అతన్ని తిట్టాలనిపించింది. అతని గుడిసె ముందు నలుగురు పిల్లలు కనిపించారు. ఊరుకుని వచ్చేశాను.

అట్లా ఒక్క సాక్షి కూడా లేకుండానే రైలెక్కాం. ఆమె, భర్త, నేను. నంద్యాల మీదుగా డోనుకు, అక్కడ బండి మారి కర్నూలుకు. కొత్త రాజధానిలో చాలా ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. మా విచారణా ఒక గుడారంలోనే. గుడ్డ కప్పు కింద వేడి పొయ్యి మీద ఉన్నట్టుంది. అధికారి నడివయసు మనిషి, తక్కువ మాట్లాడేవాడు. కంట్రాక్టరు తరఫున వచ్చిన కర్నూలు ప్లీడరు నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద.

ఆయన మస్టరు చూపించాడు, వేలిముద్ర కాగితం చూపించాడు. తర్వాత ఆమెను అడగడం మొదలుపెట్టాడు.

“నువ్వు రోజూ నీ మొగుడికి సంగటి తీసుకుపోయేదానివి గదా?”

“తీసుకపోతా. పొద్దున ఇద్దరికీ కట్టుకుని ఇద్దరమే పోతాము.”

“నీ మొగుడు ఎక్కడ పని చేసేవాడు?”

“కింద, వాగులో. రాళ్ళు కొడతాడు.”

“ఆ రోజు నువ్వు సంగటి తీసుకుపోయి, సరదాకు సారవ ఎక్కినావు. అవునా?”

ఆమె అధికారి వైపు తిరిగింది.

“అయ్యా, మీరే చెప్పండి. నేను సంగటి ఇచ్చేదానికి పోయినదాన్నయితే మా ఇంటాయన దగ్గరికి వాగులోకి దిగాల. ఆయన కింద ఉంటే నేను నెత్తిన సున్నం తట్ట పెట్టుకుని పైకేంది ఎక్కేది?”

ప్లీడరు తట్ట సంగతి ఎవరు చూశారని అందుకోబోయాడు. అధికారి చేయెత్తి ఆపి, ఆమె భర్తను పిలిచాడు. కాగితం చూపించి, ఈ వేలిముద్ర నీదేనా అని అడిగాడు. గుడారంలో వెనక వరసలో మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. భర్త అతన్ని చూశాడు. ఇతను కూడా బేల్దారిలాగే వెనక్కి తగ్గుతాడని నాకు భయం పట్టుకుంది.

“వేలు నాదే,” అన్నాడు. “మాట నాది కాదు. మందుల డబ్బు ముట్టినట్టని చెప్పి పెట్టించుకున్నాడు, అదిగో ఆ కూర్చున్నాయన. మా ఇంటామె ఎనిమిది నెలలు తట్టలు మోసింది. ఆమె కూలి నా పేరున తీసుకున్నది నేనే. అందులో నా తప్పుంటే నాకు శిక్ష వేయండి. ఆమె పని చేయలేదని మాత్రం రాయొద్దండి.”

అంతసేపూ మాట్లాడిన ఆమె అప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది.

ఒక్క మొగ కూలీకి ఇచ్చే రేటుకు మించి ఆ మనిషి పేరున వారం వారం ఎందుకు ఇచ్చారని అధికారి కంట్రాక్టరు గుమాస్తాను అడిగాడు. గుమాస్తా తమ ప్లీడరు వైపు చూశాడు. కొన్ని వారాల తర్వాత తీర్పు వచ్చింది. ఆమె కూలీయే. పరిహారం ఇవ్వాల్సిందే.

నేను ఆ కాగితం పట్టుకుని గెలిచినవాడిలా వాళ్ళ పల్లెకు పోయాను. మొత్తం ఎంతో చదివి చెప్పాను. పరిహారం లెక్క కూలిని బట్టి కడతారని, ఆడకూలి సగం కాబట్టి ఇంతే వచ్చిందని వివరించాను.

“మొగోని చెయ్యి అయితే ఎక్కువ వచ్చేదా?”

“వచ్చేది అక్కా.”

“బండ ఒకటే బరువు గదా అన్నా,” అంది.

ఎన్నో కోర్టుల్లో ఎందరో పెద్దల వాదనలు తర్వాత విన్నాను. ఆ మాటకు సమాధానం మాత్రం నాకు ఎక్కడా వినబడలేదు. సగం కూలి ఇచ్చి చేయించుకున్నవాడికి చేయి విరిచినప్పుడు కూడా సగమే పడుతుందట. పేదవాళ్ళకు తక్కువ ఇవ్వడమే నేరమనుకుంటే, ఆ తక్కువనే కొలబద్దగా పెట్టుకున్న చట్టాన్ని ఏమనాలి? నేను ఆ చట్టం పుస్తకం చంకన పెట్టుకుని తిరిగేవాణ్ణి.

డబ్బు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఈలోపు ఆ కంట్రాక్టరుకే మరో ప్రభుత్వ భవనం పని దక్కింది. శంకుస్థాపనకు నాకూ పిలుపు వచ్చింది. పోలేదు.

డబ్బు చేతికి వచ్చిన వారానికి ఆమె మళ్ళీ నా గదికి వచ్చింది. గొర్రెలు కొనుక్కున్నారు. అవి ఆమె మేపుతుంది, అతను వేరే కంట్రాక్టరు దగ్గర రోడ్డు పనికి పోతున్నాడు. ఆ పనిలో వాళ్ళ పల్లె ఆడవాళ్ళూ ఉన్నారు.

“నువ్వొకసారి మాతో రావాల. వాళ్ళ పేర్లు పుస్తకంలో రాయమని అడగాల. మేమడిగితే మేస్త్రీ కసురుతున్నాడు.”

పోయాను. ఎండలో ఆడవాళ్ళంతా తట్టలు కింద పెట్టి నిలబడ్డారు. కర్నూలు తీర్పు చదివి వినిపించాను. అక్కడి మేస్త్రీ విసుక్కుంటూ, ఒక్కొక్కరినీ పేరు అడుగుతూ రాశాడు. ఆమె అతని పక్కన నిలబడి, రాసిన ప్రతి పేరూ నాచేత పైకి చదివించుకుంది. పద్నాలుగు పేర్లు. ఒక్కో పేరుకు ఎదురుగా ఉన్న గడిలో కూలి మాత్రం సగమే రాశాడు. దాని మీద నేను అర్జీలు పెట్టాను. చాలా పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.